బదిలీ కుక్కలు

నిన్న పొద్దున్న లేచి చూసేసరికి మా గేటు ఊచకి ఎవరో ఒక కుక్కని కట్టేసి పోయారు. పక్కనే దాని తిండి సంచీ కూడా పెట్టారు. సంచీ మీద పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కుక్క బొమ్మ, మూతి విప్పితే గుప్పుమని ఎండుచేపల వాసన. ఒళ్ళు మండిపోయింది నాకు. తిండి పెట్టి వదిలేస్తే పాపం అంటదనుకుంటారు కాబోలు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను గానీ, తగలేసే ముందు తెప్పకి బొట్టు పెట్టేవాళ్ళని ఈమధ్యే చూస్తున్నాను.

ఆ వాసన మాత్రం నన్ను తిన్నగా తొంభైల్లోని అరకు శుక్రవారం సంతలోకి లాక్కుపోయింది. మంచు విడవకముందే కొండల మీంచి జనం వరసగా దిగేవాళ్ళు, కావిళ్ళతో, గంపలతో, ముక్కులకి మూడేసి నత్తులతో, చంకల్లో పిల్లలతో. వాళ్ళ పసుపు కొమ్ములూ అల్లమూ పిప్పళ్ళూ అడ్డాకుల మోపులూ ఒకవైపు, కింద నుంచి లారీల్లో వచ్చిన షావుకార్ల ఉప్పూ ఉల్లిపాయలూ ఎండుచేపలూ పూసల దండలూ ఒకవైపు, మధ్యలో బురద, బురదలో తాళ్ళు తెంపుకుని పారిపోయే పందిపిల్లలు, పులిసిన జీలుగ కల్లు వాసన, వీటన్నిటి మీంచీ కిరండూల్ లైను మీద ఇనపరాయి మోసుకుంటూ ఎంతకీ తరగని గూడ్సు బండి చప్పుడు. మేం పిల్లలం దాని పెట్టెలు లెక్కపెడుతూ ఎప్పుడూ మధ్యలో లెక్క తప్పేవాళ్ళం.

మాది మిషన్ డిస్పెన్సరీ వెనక పెంకుటిల్లు. నాన్న ఆశ్రమ పాఠశాలలో లెక్కల మాస్టారు. వంటిల్లు అమ్మది, మిగిలిన ఇంటి పెత్తనమంతా మా మేనత్త ఎస్తేరుది. ఎస్తేరత్త నాన్నకి అక్క, డిస్పెన్సరీలో నర్సు, పెళ్ళి చేసుకోలేదు, ఎవరైనా ఒక మాటంటే రెండు తిరిగి అనేదాకా అన్నం సయించని మనిషి. ఊళ్ళో దిక్కులేని కుక్కలన్నీ ఆవిడ దగ్గరికే చేరేవి.

ఎక్కడి కుక్కలంటే, క్వార్టర్సు కుక్కలు. ఈ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం ఆగదు. మైదానం నుంచి ఏజెన్సీకి ఉద్యోగం మీద వచ్చేవాళ్ళు జైలుకొచ్చినట్టు వచ్చేవాళ్ళు. దిగిన రోజే తిరిగి వెళ్ళే దారి వెతుక్కునేవాళ్ళు. ఈలోగా పిల్లలకి తోచదని విశాఖపట్నం నుంచి ఓ కుక్కపిల్లని తెచ్చేవాళ్ళు. దానికో ఇంగ్లీషు పేరు, పాలల్లో నానేసిన రొట్టె, చలికాలం తొడగడానికి పాత స్వెట్టరు. వేసవి సెలవుల్లో బదిలీ ఉత్తర్వులు వచ్చేవి, క్వార్టర్ల ముందు లారీ ఆగేది, మంచాలూ బీరువాలూ తులసి కోటా అల్లం బస్తాలూ పనసపళ్ళూ, ఆఖరికి పెరట్లో బట్టలారేసుకునే తీగ కూడా విప్పి ఎక్కించేవాళ్ళు. కుక్కకి మాత్రం చోటుండేది కాదు. అది ఘాట్ రోడ్డు మొదటి మలుపు దాకా లారీ వెంట పరిగెత్తి, నాలిక వేలాడేసుకుని వెనక్కొచ్చి, తాళం వేసిన గుమ్మం ముందు కూర్చునేది. మేం పిల్లలం దీన్ని ఆటగా కూడా ఆడాం, చెప్పుకోడానికి సిగ్గే. దాని పేరు బదిలీ ఆట. ఇటుకలు పేర్చి లారీ, అగ్గిపెట్టెలు బీరువాలు, ఒకడు ఆఫీసరు, ఒకర్తె ఆఫీసరు భార్య, పంటలేసుకుంటే ఓడిపోయినవాళ్ళు కుక్క. కుక్క అయినవాళ్ళు మొరుగుతూ లారీ వెంట పరిగెత్తాలి. నేను చాలాసార్లు కుక్కనయ్యాను.

అలా మిగిలిపోయిన వాటిని ఎస్తేరత్త ఇంటికి తెచ్చేది. వాటికి కూర్చోమంటే కూర్చోడం, చెయ్యివ్వమంటే చెయ్యివ్వడం వచ్చు, అదీ ఇంగ్లీషులో చెబితేనే. కోడిపెట్ట రెక్క విదిలిస్తే చాలు మంచం కిందికి దూరేవి. చోడిపిండి, అంటే రాగిపిండి, అంబలి వాసన చూసి మొహం తిప్పుకునేవి. అత్త బతిమాలేది కాదు. గిన్నె అక్కడ పెట్టి తన పని తను చూసుకునేది, రెండో రోజుకో మూడో రోజుకో అవే తాగేవి. పాత పేరుతో ఎవర్నీ పిలవనిచ్చేది కాదు, కొత్త పేరు తను పెట్టేది కాదు. పేరు పెట్టే హక్కు తీసుకెళ్ళేవాళ్ళదని ఆవిడ లెక్క. తీసుకెళ్ళేవాళ్ళు కొండ మీద ఉండేవాళ్ళు. పోడు చేలోకి అడవిపందులు దిగాయంటే ఒక్క పూటలో ఏడాది తిండి నేలపాలు. చేను గట్టున మొరిగే కుక్క ఒకటుంటే మంచె మీద మనిషి కాస్త నడుం వాల్చొచ్చు.

అయితే అడగ్గానే ఇచ్చేది కాదు అత్త. సంతకి దిగినవాళ్ళు మూడు శుక్రవారాలు మా ఇంటికొచ్చి, తమ ఇంట్లో వండిన తిండి తమ చేత్తో దానికి పెట్టాలి, అది తినాలి. మూడో శుక్రవారం మా తాడు విప్పి, వాళ్ళు పేనుకొచ్చిన అడ్డనార తాడు కట్టి తీసుకెళ్ళాలి. ఉట్టి చేతుల్తో తీసుకెళ్తే కుక్క నిలవదని వాళ్ళ నమ్మకం, అందుకని ఓ గుమ్మడికాయో గుప్పెడు పసుపు కొమ్ములో మా గుమ్మంలో పెట్టేవాళ్ళు. అక్కడితోనూ అయిపోదు. కొత్తలు వెళ్ళాక, అంటే కొత్త పంట దేవతకి పెట్టి మొదటి ముద్ద తినే పండగ వెళ్ళాక, మా ఇంట్లోంచి ఎవరో ఒకరు వాళ్ళ ఊరెక్కి, వాళ్ళ చూరు కింద కూర్చుని, ఆకు డొప్పతో కొత్త గింజల అంబలి తాగి రావాలి. ఇచ్చినవాళ్ళు అంబలి తాగితే కుక్క ఇక తీసుకున్నవాళ్ళదే, మళ్ళీ ఎవరూ అడగడానికి లేదు. కాగితం లేదు, సంతకం లేదు. ఈ పద్ధతి అత్త పెట్టిందో, కొండవాళ్ళు ఆవిడకి నేర్పారో నాకు తెలీదు. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి దేవతకి పెట్టిన గింజల అంబలి ఎలా తాగుతుందని సంఘ పెద్దలకి గుర్రుగా ఉండేది. ఆ కుక్కల్ని మీరు తీసుకెళ్ళండి, ఆ రోజే మానేస్తానని అత్త వాళ్ళ మొహం మీదే చెప్పింది. ఎవరూ తీసుకెళ్ళలేదు.

నాకు పదేళ్ళ వయసప్పుడు ఒక ఆఫీసరుగారు బదిలీ అయి వెళ్ళిపోయారు. ఏ ఆఫీసో చెప్పను, చెప్పి ఇప్పుడు చేసేదేమీ లేదు. వాళ్ళు తమ నల్ల కుక్కని వెనక వసారా స్తంభానికి గొలుసుతో కట్టేసి మరీ వెళ్ళారు, లారీ వెంట పరిగెత్తితే పిల్ల ఏడుస్తుందని. నాలుగో రోజున ఊడ్చడానికి వెళ్ళిన మనిషి చూసి అత్తకి చెప్పింది. అప్పటికి దాని మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయింది, నీళ్ళ గిన్నె బోర్లాపడి ఉంది, సిమెంటు నేల మీద గోళ్ళ గీతలు. అత్త ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు. వేలు తడిపి తడిపి దాని నాలిక మీద నీళ్ళు పట్టింది. జిమ్మీ అని నేను పిలిచినందుకు నెత్తి మీద ఒక్క మొట్టికాయ మొట్టింది.

ఆ కుక్కని అడిగింది బుద్రమ్మ. జీపు అతికష్టం మీద ఎక్కగలిగే పది గడపల ఊరు ఆమెది. ముందటి చలికాలంలో మొగుడు జ్వరంతో పోయాడు, ఇద్దరు చిన్నపిల్లలు. నిరుడు సగం చేను పందులే తిన్నాయని, ఈయేడూ తింటే పిల్లల నోట్లో పెట్టడానికి ఏమీ ఉండదని, ఏడవకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. మొదటి శుక్రవారం ఆమె ఆకులో తెచ్చిన సామన్నం కుక్క ముట్టలేదు. ఆమె దాన్ని బుజ్జగించనూ లేదు. దానికి వీపు పెట్టి మా మెట్టు మీద కూర్చుని చుట్ట కాల్చుకుని వెళ్ళిపోయింది. రెండో శుక్రవారం తింది. మూడో శుక్రవారం ఆమె చెయ్యి నాకింది. బుద్రమ్మ నార తాడు కట్టి, గుమ్మడికాయ గుమ్మంలో పెట్టి, దాని చెవిలో "కలియా" అంది. ఒరియాలో నల్లోడని. నాకు ఏడుపొచ్చింది. నా ఏడుపు చూసి అత్త మాటిచ్చింది, ఈసారి అంబలి తాగడానికి నన్ను కూడా తీసుకెళ్తానని.

ఆ వానాకాలమంతా నేను అంబలి కోసమే బతికాను. వాన పట్టిందంటే వారాల తరబడి వదిలేది కాదు, బట్టలు ఆరక పొయ్యి పైన దండెం మీద వేలాడేవి, అన్నంలోనూ పలకలోనూ చర్చిలో పంచే ప్రభువు బల్ల రొట్టెలోనూ అదే పొగ వాసన, అమ్మ వెదురు కొమ్ముల కూర వండితే వీధంతా తెలిసేది. శుక్రవారం వస్తే బుద్రమ్మ తడిసిన గొంగళితో మెట్టెక్కి కబుర్లు చెప్పేది. పందులు రెండుసార్లు వచ్చాయట, కలియా రానివ్వలేదట. మంచె కింద పడుకుంటుందట, చిన్నాడు దాని మీద కాళ్ళేసి నిద్రపోతాడట.

దసరా సెలవుల్లో ఆఫీసరుగారు తిరిగొచ్చారు. బదిలీ రద్దయిందో, అక్కడ కుదరలేదో, మళ్ళీ అదే కుర్చీ, అదే క్వార్టరు. వాళ్ళమ్మాయి కుక్క కోసం అన్నం మానేసిందట, ఎవరో మా ఇల్లు చెప్పారట, జీపు తిన్నగా మా ఇంటి ముందు ఆగింది. అత్త టీకాల పని మీద పాడేరు వెళ్ళింది. నాన్న ఉన్నాడు. నాన్నని ఇంకా లోపలి అడవిలో ఉన్న ముంచింగిపుట్టుకి బదిలీ వేస్తారని ఆ ఏడాది పుకారు. ఆ పుకారుకే అమ్మ రోజూ ఓ పూట ఏడ్చేది, ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఈ ఆఫీసరుగారే. ఆయన కూర్చోగానే నాన్న లేచి నిలబడ్డాడు. తన ఇంట్లో, తన కుర్చీ ఇచ్చి, తను నిలబడ్డాడు. మా నాన్నకి అంత మెత్తటి గొంతు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. పాప టీకాలప్పుడు వాళ్ళత్తతో ఆ ఊళ్ళన్నీ తిరిగింది సార్, దారి చూపిస్తుంది అని, నాకు గౌను మార్చమని అమ్మని లోపలికి తరిమాడు.

జీపులో ముందు సీటు. నేను సంతోషించాను, అబద్ధమెందుకు. వలిసె చేలు అప్పుడే పూసి పసుపు తిరుగుతున్నాయి, గాలికి జుట్టు ఎగురుతోంది, పక్కన రెండు పిలకల ఆఫీసరుగారమ్మాయి. దారిలో ఆయన నా వైపు వంగి, "మీ అత్త పంపిందని చెప్పమ్మా. లేకపోతే వీళ్ళు ఓ పట్టాన వినరు" అన్నారు. నేను తలూపాను.

బుద్రమ్మ నన్ను చూసి చేతిలో పని వదిలేసి లోపలికి పరిగెత్తింది. వాళ్ళ ఊళ్ళో కొత్తలు అయి వారమే అయింది. నేను అంబలి తాగడానికి వచ్చాననుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు. చూరు కింద పీట వేసింది, డొప్ప కడిగింది, కొత్త సామల అంబలి పోసి రెండు చేతులా ఇచ్చింది. ఆఫీసరుగారికీ ఒకటి పోస్తే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. నేను తాగాను. పుల్లగా, పొగ వాసనతో, చల్లగా ఉంది, అడుగుదాకా తాగాను. ఇక కలియా నాదేనని ఆమె పక్కింటివాళ్ళకి వినబడేలా వాళ్ళ భాషలో చెప్పి నవ్వింది. అప్పుడు ఆఫీసరుగారు గొంతు సవరించుకున్నారు.

"అత్త పంపింది. కుక్కని తెచ్చేయమంది" అన్నాను.

బుద్రమ్మ నా మొహం చూసింది, ఖాళీ డొప్ప చూసింది. "అంబలి తాగినావు గదే గుంటా" అంది.

నేను తల దించుకుని, అత్త పంపిందని మళ్ళీ అన్నాను. ఆమె కుక్క మెడలో తాడు విప్పింది. జిమ్మీ అని ఆ అమ్మాయి పిలిచింది, కుక్క తోకాడిస్తూ వెళ్ళి చేతులు నాకి జీపెక్కింది. గొలుసుతో కట్టి పోయినవాళ్ళని చూసి తోక ఎలా ఆడించిందో నాకు అర్థం కాలేదు, దాని మీదా కోపమొచ్చింది. బుద్రమ్మ నార తాడుని చేతికి చుట్టుకుంటూ అక్కడే నిలబడింది. జీపు వెంట ఆమె కొడుకు మలుపు దాకా పరిగెత్తాడు.

పాడేరు నుంచి వచ్చిన అత్తకి నాన్నే చెప్పాడు, దారి చూపించడానికి పిల్లని పంపానని. నువ్వు బుద్రమ్మతో ఏమన్నావని అత్త నన్నడిగింది. నేను జీపు దిగలేదన్నాను. అత్త నన్ను నమ్మింది. నమ్మి, తమ్ముడి మీదకి తిరిగింది. "ముంచింగిపుట్టులో మనుసులు లేరేటి? నిన్నెవులైనా తినేత్తారేటి?" అంది. ఆ తర్వాత కుక్కనడగడానికి అత్త క్వార్టర్లకి వెళ్తే ఆఫీసరుగారి భార్య తలుపు జాలీ వెనకనుంచే, మా కుక్కని మేం తెచ్చుకున్నాం, నీకేమిటని చెప్పి పంపేసింది. క్రిస్మస్ దాకా అత్త వేరే కుంపటి పెట్టుకుని వండుకుంది. ఆ క్రిస్మస్‌కి చర్చిలో ప్రేమ విందు జరిగింది, కాగితం నక్షత్రాలు వెలిగాయి, పిల్లలకి అరిసెలు పంచారు, మా ఇంట్లో అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాన్నని ముంచింగిపుట్టు వేయలేదు. వేస్తారన్నది అసలు నిజమేనా అని కూడా ఎవరికీ తెలీదు.

చోడి చేను కోతకి రెండు వారాల ముందు పందులు దిగాయి. సంతలో ఆ ఊరివాళ్ళే చెప్పారు. అత్త వాళ్ళ చేత బియ్యం మూట పంపింది. తర్వాతి శుక్రవారం ఆ మూట విప్పకుండా మా మెట్టు మీద ఉంది. బుద్రమ్మ సంతకి వస్తూనే ఉంది, కానీ మా వీధిలోంచి కాదు, స్టేషను వైపు నుంచి చుట్టూ తిరిగి.

మళ్ళీ వేసవి వచ్చింది. ఈసారి ఆఫీసరుగారికి గట్టి బదిలీయే వచ్చింది, లారీ ఆగింది, తులసి కోట ఎక్కింది. లారీ వెళ్ళగానే నేనే పరిగెత్తి వెనక వసారాలోకి చూశాను. అదే స్తంభం, అదే గొలుసు. అన్నం మానేసిన ఆ అమ్మాయి ఈసారి మరి అన్నం తిందేమో. అత్తకి చెప్పాను. అత్త గొలుసు విప్పి, తాడు కట్టి, నా చేతికిచ్చి, పద అంది. ఆ ఎండలో, ఆగకుండా, కొండెక్కాం.

బుద్రమ్మ గుమ్మంలో కూర్చుని మామిడి టెంకలు పగలగొడుతోంది. ఇంట్లో గింజ అయిపోతే కొండమీద టెంకల్ని నానేసి, చేదు పోగొట్టి, పిండి చేసి అంబలి కాస్తారు. గుట్టగా ఉన్నాయి టెంకలు. ఆమె కొడుకు కుక్కని చూసి వచ్చి మెడ వాటేసుకున్నాడు. కుక్క మూలిగింది.

"నేను పంపలేదు బుద్రీ. నీ కుక్కని నేనడగలేదు" అంది అత్త.

బుద్రమ్మ నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నేను కుక్క తోక చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అనుకుంటున్నాను. "జీపొచ్చినాదమ్మా. ఇచ్చేసినాను" అంది, అంతే.

అత్త నా చేతిలో తాడు తీసుకుని ఆమెకి అందించింది. బుద్రమ్మ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

"వొద్దమ్మా. మళ్ళా ఎవులో వత్తారు. మళ్ళా ఇయ్యాల."

అత్త ఎంత చెప్పినా అదే మాట. కొడుకు చేతుల్ని కుక్క మెడ మీంచి తనే తీసేసింది. లేచి, ఇంటికొచ్చిన మనిషి కాబట్టి, టెంకంబలి ఒక డొప్పలో పోసి అత్త ముందు పెట్టింది. నా ముందు పెట్టలేదు. మర్చిపోయిందనుకుని అత్త తన డొప్పలోంచి నాకు వంచబోతే, దాహం లేదన్నాను.

ఆ కుక్క ఎనిమిదేళ్ళు మా ఇంట్లోనే బతికింది. మా ఇంటికొచ్చినవాటిలో ఎవరికీ చేరకుండా మిగిలింది అదొక్కటే. అత్త దానికి పేరు పెట్టలేదు, అది పోయేదాకా ‘ఇదిగో’ అనే పిలిచింది. మిగతా ఊళ్ళవాళ్ళు కుక్కల కోసం వస్తూనే ఉన్నారు గానీ, బుద్రమ్మ ఊరి నుంచి మళ్ళీ ఎవరూ రాలేదు. అదంతా ఆఫీసరూ తన తమ్ముడూ చేసిన పాపమనే అనుకుంటూ అత్త చనిపోయింది. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ మందు కావాలా అని అడిగి ఊరుకున్నాను. బుద్రమ్మ ఎందుకు చెప్పలేదో అని ఆమె మీద కూడా చాలా ఏళ్ళు కోపంగా ఉన్నాను. చెప్పి ఉంటే రెండు దెబ్బలు తిని బయటపడేదాన్ని. ఆఫీసరుని తిట్టాను, నాన్నని తిట్టాను, ఇప్పటికీ తిడతాను, వాళ్ళు అర్హులే. కానీ ఆ చూరు కింద కూర్చుని, ఆమె అంబలి తాగి, మూతి తుడుచుకుని ఆ మాట అన్నది నేను.

ఇప్పుడు బుద్రమ్మ ఊరి వాలులో చోళ్ళు లేవు. సగం కాఫీ తోట, సగం ఈతకొలను ఉన్న రిసార్టు. మంచెలు లేవు, ఉన్నవి ఫోటోలు తీసుకోడానికి కట్టినవి. బుద్రమ్మ పోయిందని సంతలో విన్నాను, కొడుకు విశాఖపట్నంలో ఏదో పనిలో ఉన్నాడట. క్వార్టర్లు పడగొట్టారు, కుక్కల్ని వదిలేవాళ్ళు మాత్రం తగ్గలేదు, ఇప్పుడు వాళ్ళు కార్లలో వస్తున్నారు. నేను ఆ పెంకుటింట్లోనే ఉంటూ వాటిని సాకుతున్నాను. తీసుకెళ్ళేవాళ్ళూ కార్లలోనే వస్తారు. మూడు శుక్రవారాలు రమ్మంటే ఎవరొస్తారు, కొత్త గింజల అంబలి ఎవరింట్లో ఉంది. ఫోటో తీసుకుంటారు, నెంబరు రాసిస్తారు, బేరం అయిపోయినట్టు చెయ్యి చాస్తారు. అప్పుడు వాళ్ళని గుమ్మంలో ఆపి ఒక్క మాట చెప్తాను. నేను పంపానని ఎవరొచ్చి చెప్పినా ఈ కుక్కని ఇవ్వొద్దు. పదేళ్ళ పిల్లొచ్చి చెప్పినా ఇవ్వొద్దు. వాళ్ళు నవ్వుతూ తలూపుతారు. తలూపితే చాలదు, ఆ మాట వాళ్ళ నోటితో అనిపించిగానీ తాడు చేతికివ్వను.